ఎనిమిది రాతి స్తంభాలు

నాకు చేతనైన పని ఒకటే, రాయి తట్టి చూడటం. మార్కాపురంలో పలకరాయి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. గని నుంచి వచ్చిన రాయిని చిన్న సుత్తితో తడితే, లోపల పగులు లేనిది గంటలాగా మోగుతుంది. పగులున్నది మొద్దుగా పలుకుతుంది. పైకి రెండూ ఒకేలాగా నున్నగా, నల్లగా ఉంటాయి. నేను మంచిదంటే అది ఎగుమతికి పోతుంది, కాదంటే కుప్పలోకి పోతుంది. నా మాటను మా ఓనరు కూడా తిరిగి అడగడు. చిన్నా పెద్దా అబద్ధాలు చాలా ఆడినవాణ్ణే గానీ, రాయి విషయంలో మాత్రం ఒక్కసారే ఆడాను. ఇప్పుడు చెప్పుకోవాల్సింది దాని గురించే.

మా పల్లె పెద్దారవీడు నుంచి కొండల వైపు పోయే దారిలో ఉంటుంది. అక్కడ మాకొక పాత చర్చి ఉండేది. మేము చర్చి అనం, గుడి అంటాం. దొరల కాలంలో ఒక మిషనరీ దొర కట్టించింది. మందమైన గోడలు, పైకి పోయేకొద్దీ మొనదేలిన కిటికీలు, వాటికి రంగు అద్దాలు, ఒక పక్క చిన్న గంట గోపురం. ఇదంతా దొర తన దేశం నుంచి తెచ్చిన పద్ధతి. దాని ముందర మాత్రం ఎనిమిది రాతి స్తంభాల మండపం ఉండేది. స్తంభాలు అడుగున చదరం, నడుమ ఎనిమిది పలకలు, పైన దూలాన్ని మోయడానికి రెండు చేతులు చాచినట్టున్న రాళ్ళు. అచ్చం మన ఊళ్ళలో దేవళాల ముందర ఎట్ల ఉంటుందో అట్ల. ఆ మండపంలోంచి నడిచిపోయి, దొర కట్టిన మొనదేలిన వాకిలి కింద తల వంచి లోపలికి పోవాలి.

ఆ మండపం ఎందుకొచ్చిందో మా మేనత్త చెప్పేది. మా నాయనకు అక్క. చిన్నప్పుడే భర్త పోయి మా వాడలోనే ఉండిపోయింది.

"దొర అడిగినాడంట రా, మీ గుడి ఎట్ల ఉండాల అని. మా తాత వాళ్ళకు ఏం తెలుసు? పక్క ఊళ్ళో దేవళానికి మండపం కట్టేటప్పుడు రాళ్ళు మోసింది వాళ్ళే. కట్టడం అయిపోయినాక వానొచ్చినా అందులో నిలబడనీలేదు. అందుకని దొరను ఒకటే అడిగినారంట, మాకూ స్తంభాలుండాల అని."

వాడలో ఎనిమిది ఇంటిపేర్లు, అందుకని ఎనిమిది స్తంభాలు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రాయిని కొండ నుంచి ఎద్దుబండి మీద దింపుకొచ్చారట. చదువు లేదు కాబట్టి పేర్లు చెక్కించుకోలేదు, అడుగున గుర్తులు చెక్కించుకున్నారు. ఒకరిది డప్పు, ఒకరిది బావిలో నీళ్ళు తోడే తోలు బాన, ఒకరిది నాగలి. మాది తోలు కోసే కత్తి, వంపు తిరిగి అరచేయంత ఉండేది.

బిడ్డను మొదటిసారి గుడికి తెచ్చినప్పుడు తమ స్తంభం మొదట్లో పడుకోబెట్టాలి. పెండ్లికూతురు లోపలికి పోయే ముందు తమ స్తంభం కింద కాసేపు కూర్చోవాలి. మనిషి పోతే పెట్టెను తమ స్తంభానికి ఆనించి పెట్టి, ఆఖరి పాట పాడి, అక్కణ్ణుంచే సమాధుల దొడ్డికి తీసుకపోవాలి. ఏ పాస్టరూ నేర్పిన పద్ధతి కాదు ఇది. మా అమ్మను అట్లే పంపించాం, మా నాయననూ అట్లే పంపించాం.

శనివారం మండపం ఊడ్చి, స్తంభాల అడుగులకు ఎర్రమట్టి జాజు పూసేది మా అత్త. ఆదివారం గంట కొట్టేదీ ఆమే. ఒకసారి తాడు లాగి, మోత పూర్తిగా ఆరిపోయేదాకా తల వంచుకొని వినేది, తర్వాతే రెండోసారి. "మోత ఆగకముందే తాడు ముట్టుకుంటే గంటకు గొంతు పోతది" అనేది. ఆమె చెవి అంత నిదానమైన చెవి.

ఏడేళ్ళ కిందట ప్రార్థన కూటాలకు బయట నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. కారు దిగి మండపం కింద నిలబడి పైకీ కిందికీ చూశాడు. సాయంత్రం మైకులో, "దారి తప్పి వేరే గుళ్ళోకి వచ్చినానేమో అనుకున్నా. కొబ్బరికాయైనా తెచ్చుకోలేదే అనుకున్నా!" అన్నాడు. జనం నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ నవ్వు అయిపోయేలోపే నా మనసులో మండపం కూలిపోయింది.

అప్పుడు నేను సంఘం కమిటీకి కార్యదర్శిని. మార్కాపురం రోడ్డు మీద కొత్తగా కట్టిన చర్చిల మాదిరి, ముందర నీలం అద్దాలు, లోపల టైల్సు, పెద్ద ఆర్చీతో మనమూ కట్టుకుందామని మొదలుపెట్టాను. "అన్యుల గుడి మాదిరి ఉంది, మనం క్రైస్తవులమన్న సాక్ష్యం పోతాంది" అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అట్ల చెప్పినవాణ్ణే, కొత్త కట్టడానికి ముగ్గు పోసేటప్పుడు ఈశాన్యం మూలనే పునాది మొదలుపెట్టాలని పట్టుబట్టాను. మండపం అన్యుల పద్ధతి, వాస్తు మాత్రం కాదు. ఆ రోజు ఈ సంగతి నాకు తట్టలేదు. ఇంకెవరూ అడగలేదు.

అసలు కారణం అది కూడా కాదు. మార్కాపురంలో నాకు స్నేహితులున్నారు. నా కులమేదో వాళ్ళకు నేనెప్పుడూ చెప్పలేదు. అడిగితే మాట మార్చేవాణ్ణి. మా పెద్దబిడ్డ పెండ్లికి వాళ్ళలో ఇద్దరు వచ్చారు. మండపంలో కుర్చీలు వేయించాను. అందులో ఒకాయన చెప్పులు విడవడానికి వంగి, స్తంభం అడుగున జాజు పూసిన కత్తి గుర్తును వేలితో తడిమి, "ఇదేంది బావా?" అన్నాడు. "ఏమో, పాతకాలంది. ఆకు అనుకుంటా" అన్నాను. మా తాతల కత్తిని ఆకు చేశాను. నాకు అడ్డమొచ్చింది మండపం కాదు, దాని మొదట్లో ఉన్న ఆ కత్తి.

కమిటీలో పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. వెనక కొత్తది కట్టుకుందాం, ముందర మండపం ఉండనిద్దాం అన్నారు. చివరికి అధ్యక్షుడు, వాడకంతా పెద్దమనిషి ఆయన, ఒక మాట అన్నాడు.

"ఇంతమంది ఇన్ని మాట్లాడేది ఎందుకు? నువ్వు రాయి తెలిసినోడివి. ఆదివారం ఆరాధన అయినాక అందరి ముందర తట్టి చెప్పు. రాయి గట్టిదైతే ఉంచుదాం. పగిలుంటే పిల్లల మీద పడకముందే తీసేద్దాం."

ఆదివారం సుత్తి తీసుకొని పోయాను. సంఘమంతా చుట్టూ నిలబడింది. మొదటి స్తంభాన్ని తట్టాను. మోగింది. గనిలో కూడా అంత మంచి రాయి నేను తక్కువే విన్నాను. నేను తల అడ్డంగా ఊపాను. రెండోది తట్టాను. మోగింది. మళ్ళీ అడ్డంగానే ఊపాను. ఎనిమిదీ మోగాయి. మా స్తంభానికి మాత్రం సుత్తి కొంచెం గట్టిగా తగిలింది. ఆ మోత మండపం కప్పు దాకా పోయి మళ్ళీ వచ్చింది.

చీపురు పట్టుకొని పక్కనే నిలబడిన అత్త, "అదేందిరా, మోగింది కదా!" అనింది.

"ఆ మోత వేరే అత్తా. పగుల్లోంచి వచ్చే మోత. నీకు తెలీదు."

"నాకు బాగానే వినపడిందే."

"వయసు మీద పడినాక అన్నీ ఒకే మాదిరి వినపడతాయిలే" అన్నాను. కొందరు నవ్వారు. అత్త కూడా నవ్వి, "కానీలే అల్లుడా, నువ్వు తెలిసినోడివి" అని పక్కకు జరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి ఒకే ఒక మాట అడిగింది. "పగిలితే పగిలిందిగానీ, మనదాన్ని ఒక్కదాన్ని ఆవరణలో ఒక మూలన నిలబెట్టు. నన్ను పంపించేటప్పుడు దానికి ఆనించి పెడితే చాలు." సరేనన్నాను.

పాత గుడినీ మండపాన్నీ కూలగొట్టే రోజుకు ఆమెను కురిచేడులో చుట్టాలింటికి పంపించాను. అక్కడ పెండ్లేదో ఉంటే, నువ్వు పోకపోతే బాగుండదని బలవంతాన బస్సెక్కించాను. నాకు భయం. ఆ భయం సరైందే అయింది. సమ్మెటతో కొట్టేవాళ్ళు పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి రెండు స్తంభాలు కూడా పగల్లేదు. ఒకతను నా దగ్గరికొచ్చి, "ఏందన్నా ఇది? పగిలిన రాళ్ళన్నారు, సమ్మెట ఎగిరి నా మొగం మీదికే వస్తాంది" అన్నాడు. దెబ్బ దెబ్బకూ రాయి మోగుతూనే ఉంది. ఆ మోత వాడంతా విన్నది. అయినా నన్నే నమ్మారు. రాయి తెలిసినోడు చెప్పిన మాట కదా. ముక్కలన్నీ కొత్త గుడి పునాదిలో, ఈశాన్యం మూలన పోయించాను. మాదాన్నీ వాటితోటే పోయించాను. పక్కన పెట్టమని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. చెబితే ఆ కత్తి గుర్తు కొత్త ఆవరణలో నిలబడి ఉంటుంది. చెప్పలేదు.

అత్త వచ్చి ఖాళీ చోటు చూసి, "మనది ఏదిరా?" అనింది.

"మార్కాపురంలో మా ఫ్యాక్టరీ షెడ్డులో పెట్టించినా అత్తా. కొత్తది పూర్తయినాక తెస్తా."

కొత్తది పూర్తయింది. ఆర్చీ, నీలం అద్దాలు, అన్నీ వచ్చాయి. పాత గంటను కొత్త గోపురంలో వేలాడదీశారు. కానీ అత్త గంట కొట్టడం మానేసింది. తాడు పాస్టరయ్య భార్యకు అప్పజెప్పింది. వయసు కదా, చేతులు నొప్పులేమో అనుకున్నాం. నేనూ అట్లే అనుకున్నాను. పండగలకు మాత్రం అడిగేది, "మన స్తంభం ఎప్పుడు తెస్తావు?" అని. లారీ దొరకలేదని ఒకసారి, రోడ్డు బాగలేదని ఒకసారి చెప్పేవాణ్ణి. నమ్మేది.

నిరుడు మా ఓనరు నన్ను చైనాకు తీసుకపోయాడు. మా రాయి కొనేవాళ్ళు అక్కడున్నారు, కొత్త మిషన్లు చూడాల్సిన పని కూడా ఉంది. పోయే ముందు అత్తకు చెబితే, "దొనకొండలో రైలెక్కితే ఎన్నాళ్ళకు దిగుతావు?" అని అడిగింది. విమానమంటే, "అయితే కిటికీ పక్కన కూర్చోవాకు" అని జాగ్రత్త చెప్పింది.

అక్కడ పని అయిపోయినాక ఒక పూట ఖాళీ దొరికింది. మా వెంట ఉన్న దుబాసీ అమ్మాయి, నేను క్రైస్తవుణ్ణని తెలిసి, దగ్గర్లో పాత చర్చి ఉంది చూద్దామా అనింది. సందులోంచి తిరిగి దాని ముందరికి వచ్చి ఆగిపోయాను. బూడిదరంగు ఇటుక గోడలు. వాటిలో మా పాత గుడికి ఉన్నట్టే మొనదేలిన కిటికీలు, రంగు అద్దాలు. కానీ కప్పు వాళ్ళది. ఒకదాని మీద ఒకటి మూడు అంతస్తుల పెంకు కప్పు, మూలలు పైకి లేచి, పక్షి రెక్క విప్పినట్టు. గంట గోపురం నెత్తిన కూడా గొడుగులాంటి పెంకు కప్పు, దాని మీద సిలువ. ముందర ఎర్రరంగు పూసిన కొయ్య స్తంభాల వసారా. వాకిలికి రెండు వైపులా వాళ్ళ అక్షరాలు పైనుంచి కిందికి నిలువుగా చెక్కారు. ఒక్కో స్తంభం కింద రాతిపీట, దాని మీద తామరపూలు.

మా ఓనరు తల పైకెత్తి చూసి నవ్వాడు. "ఏందయ్యా ఇది! కింద మీ చర్చి, పైన వాళ్ళ గుడి!"

ఆ సాయంత్రం కూటాల్లో మైకులో విన్న మాటే. అప్పుడు గట్టిగా నవ్వినవాణ్ణి, ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దుబాసీ అమ్మాయి చెబుతూనే ఉంది. మధ్యలో కొన్నాళ్ళు ఇది ధాన్యం గోదాముగా ఉండిందట. మళ్ళీ చేతికొచ్చినాక ఇక్కడివాళ్ళు పెంకు పెంకూ దించి, తుడిచి, పగిలినచోట అట్లాంటిదే చేయించి పెట్టుకున్నారట. లోపల ఒక ముసలాయన తడిగుడ్డతో స్తంభం అడుగున తామరపూల సందులు తుడుస్తున్నాడు. నేను అలవాటుకొద్దీ వంగి, ఆ రాతిపీటను వేలి మెటికతో తట్టాను. మోగింది. ముసలాయన నావైపు చూసి, అవునన్నట్టు తలూపాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఫోనులో నాలుగు ఫొటోలు మాత్రం తీసుకున్నాను.

ఊరికి వచ్చిన మూడో రోజు అత్త ఇంటికి పోయాను. వాకిట్లో చేటలో కందులు చెరుగుతోంది. ఫొటోలు చూపించాను. చేట పక్కన పెట్టి, ఫోను కంటికి దగ్గరగా పట్టుకొని చాలాసేపు చూసింది.

"వీళ్ళదీ మన మాదిరే ఉంది కదరా! కిటికీలు దొరవి, కప్పు వాళ్ళది."

"అవునత్తా."

"కూలగొట్టుకోలేదా?"

"లేదు."

"వాళ్ళ స్తంభాలకు పగుళ్ళు రాలేదా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. మా రాయి పాపం పగిలిపోయింది, వాళ్ళది అదృష్టం అన్నట్టు అడిగింది. నేను అరుగు మీద కూర్చున్నవాణ్ణి కిందికి దిగి నేల మీద కూర్చున్నాను. చెప్పేశాను. ఎనిమిదీ మోగాయని చెప్పాను. షెడ్డులో ఏమీ లేదని, మనది పునాదిలో ముక్కలుగా ఉందని చెప్పాను. కత్తిని ఆకు అన్న సంగతి కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. అత్త కందుల్లోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"అయితే ఆ పొద్దు మోగిందా?"

"మోగింది అత్తా."

"నాకు వినపడింది." ఇంకో రాయి ఏరి పారేసింది. "నాకు బాగానే వినపడింది. నువ్వు కాదంటివి. రాయి తెలిసినోడు కాదంటున్నాడే, నా చెవులే పోయినాయి అనుకున్నా. చెవులు పోయినదానికి గంట ఎందుకని తాడు ఇచ్చేసినా."

స్తంభం పోగొట్టానని తెలుసు. ఆమె చెవులను కూడా ఆమెకు కాకుండా చేశానని ఆ క్షణం దాకా నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆదివారం ఆదివారం వేరే చేతులు కొట్టిన గంట వింటూ, ఇది సరిగా వినపడుతోందా లేదా అని తనను తాను అనుమానించుకుంటూ కూర్చుందా ఈ మనిషి. 

"క్షమించత్తా" అన్నాను.

"నన్నెందుకు అడుగుతావు? తట్టినప్పుడు అందరూ ఉన్నారు. అందరి ముందర చెప్పు. నాకు చెవుడు లేదని చెప్పు."

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. మామూలుగా ఆ సమయంలో జ్వరం తగ్గిందని, పరీక్ష పాసయిందని చెబుతారు. నేను చెప్పింది విని ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయినాక అధ్యక్షుడు లేచాడు.

"నీ ఒక్క మాట మీద మా తాతల రాయి పగలగొట్టించినాను కదయ్యా. నా చేత్తో సంతకం పెట్టినాను కదయ్యా" అని కూర్చున్నాడు.

డప్పు గుర్తు వాళ్ళ ఇంటి కోడలు, అంతకు ముందు ఏడే భర్తను పోగొట్టుకున్న మనిషి, అక్కణ్ణుంచే గట్టిగా అనింది. "మా ఆయన పెట్టెను గోడకు ఆనించి పెట్టినాం. గోడకు! ఎక్కడ పెట్టాల్నో తెలీక నిన్నే అడిగితి కదా. ఎక్కడైతే ఏమమ్మా అంటివి. గుర్తుందా నీకు?"

గుర్తుంది. ఆ మాటే చెప్పాను.

గొడవ పెరుగుతుంటే పాస్టరయ్య, "ప్రార్థన చేసుకుందాం, తలలు వంచండి" అన్నాడు. అత్త ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, "ప్రార్థన తర్వాతయ్యా. ముందు వాళ్ళను తిట్టనీ" అనింది. తిట్టారు. చాలాసేపు తిట్టారు. కార్యదర్శి పని నుంచి ఆ రోజే తీసేశారు. కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మాట్లాడమని నేను అడగలేదు.

పై ఆదివారం ఇంట్లో చొక్కా వేసుకుంటుంటే గంట వినపడింది. ఒక్క దెబ్బ. తర్వాత ఎంతకీ రెండోది లేదు. మోత పల్లె మీదుగా పోయి కొండ దగ్గర సన్నబడి, పూర్తిగా ఆరిపోయింది. అప్పుడు రెండోది మోగింది. ఎవరు కొడుతున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరాధన అయినాక అందరూ పోయారు. అత్త నన్ను పిలిచి, "ఏ మూల?" అనింది. గుడి లోపల ఈశాన్యం మూలకు తీసుకపోయి చూపించాను. అందులో మనది సరిగ్గా ఎక్కడుందో నాకూ తెలియదని చెప్పాను.

"సరే. నన్ను పంపించేటప్పుడు పెట్టెను ఇక్కడ పెట్టండి. గోడకు కాదు, ఇక్కడ నేల మీద. కార్యదర్శివి కాకపోయినా ఆ మాత్రం చూసుకో." నా జేబు వైపు చూసింది. "సుత్తి ఉందా?"

ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

"తట్టు."

కూర్చొని టైలు మీద తట్టాను. ఆమె తల వంచుకొని వినింది.

"ఏమంటది?"

"మొద్దుగా ఉందత్తా. టైలు కిందికి సరిగా అంటుకోలేదు. బోలుగా ఉంది."

అత్త అట్లే ఇంకాసేపు వంగి ఉండి, నడుము పట్టుకొని మెల్లగా లేచింది.

"ఆ, నాకూ అట్లనే వినపడింది" అనింది.